ఇరవయ్యో తారీఖు

ఆసుపత్రిలో ఆయన్ని అందరూ తారీఖుగారంటారు. ఎదురుగా కాదు. ఎదురుగా "సార్" అనే అంటారు, ఎందుకంటే ఎవరు ఏ రోజు ఏ వార్డులో ఉండాలో రాసే పెన్సిలు ఆయన చేతిలో ఉంది.

ఇలాంటి మనిషి గురించి రాసేవాళ్ళు "తెరవెనుక నిశ్శబ్ద సేవ" అని మొదలుపెడతారు. తారీఖుగారు నిశ్శబ్దంగా ఏదీ చేయలేదు. టైపు కొడుతూ కూడా గొణుగుతూనే ఉంటారు. సేవ అన్న మాట ఆయనకే గిట్టదు. "జీతం పుచ్చుకుని చేసేదాన్ని సేవ అనకండి బాబూ, పని అనండి చాలు" అంటారు. ఆ పనిని ముప్ఫై ఏళ్ళపాటు బాగా చేశారు. చిక్కంతా ఆ బాగా చేయడంలోనే ఉంది.

డాక్టరు చదువు ముగిసినవాళ్ళు స్పెషలిస్టులు కావడానికి ఆ పెద్దాసుపత్రిలో మూడేళ్ళపాటు పనిచేస్తూ నేర్చుకుంటారు. వాళ్ళే రెసిడెంట్లు. ఏడాదికి పన్నెండుమంది చొప్పున ఎప్పుడు చూసినా ముప్ఫై ఆరుమంది ఉంటారు. పైన ఒక సీనియర్ డాక్టరు డైరెక్టరు. ఆయన కింద, చివరి ఏడాదికి వచ్చినవాళ్ళలోంచి ఏరిన ఇద్దరు చీఫ్ రెసిడెంట్లు. డైరెక్టరుకి రోగులతోనే తీరదు. చీఫ్‌లు ఏడాదికోసారి మారిపోతారు. కదలకుండా ఉండేది శిక్షణ ఆఫీసు గుమాస్తా ఒక్కరే. మెట్ల కింద చిన్న గది, దానికొక గాజు కిటికీ, కిటికీ అడుగున అరచంద్రంలా కోసిన కంత. దరఖాస్తులు ఆ కంతలోంచి లోపలికి వెళతాయి. బయట నిలబడ్డవాళ్ళకి సిరా మరకల చెయ్యి ఒకటి కనిపిస్తుంది, ముఖం కనబడాలంటే వంగాలి. చాలామంది వంగరు.

ఆ కిటికీ అద్దం మీద ఒక కాగితం అంటించి ఉండేది. "సెలవు దరఖాస్తులు ప్రతి నెలా ఇరవయ్యో తేదీలోపు అందవలెను. ఆ పిమ్మట వచ్చినవి స్వీకరింపబడవు. ఉత్తర్వుల ప్రకారం."

ఎవరి ఉత్తర్వులు? ఎవరివీ కావు. ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఒక నెలలో ఐదుగురు ఐదు వేరువేరు రోజుల్లో సెలవడిగితే, ముప్ఫై ఆరు గళ్ళ చార్టును ఐదుసార్లు చెరిపి రాశారాయన. ఐదోసారి కాగితం చిరిగింది. ఆ కోపంలో ఆ మూడు వాక్యాలు టైపు కొట్టారు. మొదటి రెండూ బోసిగా కనిపించాయి గనక మూడోది చేర్చారు. మర్నాటి నుంచి ఎవరూ ఆయనతో వాదించలేదు. కొన్నేళ్ళకి డైరెక్టరుగారే ఒక రెసిడెంటుతో, "నేనేం చెయ్యనమ్మా, పైనుంచి వచ్చిన ఉత్తర్వు, ఇరవై దాటితే మన చేతుల్లో లేదు" అనడం తారీఖుగారు చెవులారా విన్నారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భార్యతో చెప్పి పడీపడీ నవ్వారు.

"నవ్వుతారేమిటండీ? ఆయనకి చెప్పొద్దూ?" అందావిడ.

"చెబితే రూలు పోతుంది. రూలు పోతే నేను పోతాను."

"ఇంట్లోనూ ఓ కాగితం అంటించండి. పంచదార అయిపోయిందన్న సంగతి ఇరవయ్యో తారీఖులోపు చెప్పాలని." ఈసారి ఆవిడా నవ్వేసింది.

ఇరవై తర్వాత వచ్చిన దరఖాస్తులను ఆయన డైరెక్టరు బల్ల మీదికి పంపేవారు కాదు. చింపనూ చింపలేదు, కాగితం చింపడం ఆయనకి చేతకాదు. ఒక నీలం అట్టల ఫైలులో పెట్టి, దాని మీద "గడువు దాటినవి" అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు. అడిగినవాళ్ళకి "చూద్దాం" అనేవారు. రెండోసారి అడిగినవాళ్ళకి అద్దం మీది కాగితం వేలితో చూపించేవారు.

ఆ యేడు కొత్తవాళ్ళకి స్వాగతం చెప్పే సభ ఇరవై మూడో తారీఖున పడింది. ఇరవై నాలుగేళ్ళు డైరెక్టరుగా ఉన్న పెద్దాయన ఆ రోజుతో దిగిపోతున్నారు. ఆయన స్థానంలోకి బయటి ఊరి ఆసుపత్రి నుంచి ఒక డాక్టరమ్మ వస్తోంది. ఇద్దరు చీఫ్‌లు కూడా కొత్తవాళ్ళే. ముగ్గురి పరిచయ పత్రాలూ రాసే పని ఎప్పటిలాగే తారీఖుగారిది. వచ్చేవాళ్ళు తమ వివరాలు ఒక పేజీలో పంపుతారు, ఆయన వాటిని సభలో చదవడానికి వీలుగా సాగదీస్తారు. చీఫ్‌ల పని సులువు. డాక్టరమ్మ పేజీ దగ్గర ఆగిపోయారు.

చదువులు, ఉద్యోగాలు, రాసిన వ్యాసాలు. వాటి మధ్యలో ఒక పంక్తి: "ఇదే విభాగంలో రెసిడెంటుగా పద్నాలుగు నెలలు. మధ్యలో తొలగింపు."

ఆయన లేచి బీరువా తెరిచి నీలం ఫైలు తీశారు. పదహారేళ్ళ కిందటి కాగితం ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. "తమ్ముడికి ఆపరేషన్ ఉన్నందున, దగ్గర ఉండుటకు వేరెవ్వరూ లేనందున, తొమ్మిది రోజుల సెలవు కోరుచున్నాను." మూలన ఆయన చేతిరాత: అందినది ఇరవై ఒకటి.

ఒక్క రోజు.

ఆ పిల్ల జవాబు కోసం మూడుసార్లు కిటికీ దగ్గరికొచ్చి, చివరికి చెప్పకుండానే వెళ్ళిపోయింది. ఆ తొమ్మిది రోజులూ ఇద్దరు రెసిడెంట్లు రెట్టింపు డ్యూటీలు చేశారు, వార్డులో పెద్ద గొడవైంది. పెద్దాయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు. తారీఖుగారిని పిలిచి, "సెలవు చీటీ ఏదైనా ఇచ్చిందా?" అని అడిగారు. దానికి తారీఖుగారి జవాబు: "గడువులోపల ఏమీ అందలేదండి."

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అందుకే అది అంత బాగా పనిచేసింది. పెద్దాయన చెవికి ఆఖరి రెండు మాటలే వినపడ్డాయి. చెప్పాపెట్టకుండా పోయినందుకు తొలగింపు ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. ఉత్తర్వు టైపు కొట్టింది ఎవరో చెప్పనక్కర్లేదు.

పేజీ ముందు పెట్టుకుని తారీఖుగారు గంటసేపు కూర్చున్నారు. ఆ పంక్తిని ఉన్నదున్నట్టు ఉంచితే సభలో ఎవరో ఒకరు ఎందుకని అడుగుతారు. తీసేస్తే ఆవిడే అడుగుతుంది. చివరికి గుమాస్తా బుర్రకి తట్టే ఉపాయమే తట్టింది. "డాక్టరుగారు మన విభాగానికి కొత్తవారు కారు, పాత బంధువే" అని రాసి పంపించేశారు.

సభ పై అంతస్తులో, పాఠాలు చెప్పే హాల్లో జరిగింది. ముందు వరసలో సీనియర్ డాక్టర్లు, వెనక రెసిడెంట్లు, గోడవారగా నర్సులు. తారీఖుగారు తలుపు పక్కన, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డారు. కొత్త చీఫుల్లో ఒకతను తలుపులో వంగి రావలసినంత పొడుగు, మాటకారి. పరిచయాలు చదివే పని అతనికి పడింది.

"ముందుగా నన్ను నేను పరిచయం చేసుకుంటాను. మా ఇంట్లో బల్బు మార్చడానికి నిచ్చెన ఉండదు" అన్నాడు. హాలంతా నవ్వింది. "ఇక మన కొత్త డైరెక్టరుగారు. మేడమ్ మన విభాగానికి కొత్తవారు కారు, పాత బంధువే."

చప్పట్లు కొట్టారు. డాక్టరమ్మ లేచింది. సన్నటి మనిషి, ముందుజుట్టు నెరిసింది. మైకు అందుకుని నిదానంగా మొదలుపెట్టింది.

"ఎవరు రాశారో గానీ బాగా రాశారు. బంధువుని కాదండీ. నన్నిక్కణ్ణించి పంపించేశారు."

నవ్వబోయినవాళ్ళు ఆగిపోయారు.

"రెండో ఏడాదిలో ఉండగా మా తమ్ముడికి ఆపరేషనొస్తే తొమ్మిది రోజులు సెలవడిగాను. కాగితం మీదే అడిగాను. ఇస్తామనీ అనలేదు, ఇవ్వమనీ అనలేదు. వెళ్ళాను. తిరిగొచ్చేసరికి చార్టులో నా గడి లేదు. వేరే చోట మళ్ళీ మొదటి ఏడాది నుంచి చదివాను. కక్షతో చెప్పట్లేదు, మా తమ్ముడు బాగున్నాడు, ఇద్దరు పిల్లలు కూడా. ఎందుకు చెబుతున్నానంటే, ఈ రోజు నుంచి మీలో ఎవరు ఏమడిగినా అవునో కాదో జవాబొస్తుంది. కింద నా సంతకం ఉంటుంది. నేను హామీ ఇచ్చేది ఇంతే."

ముందు వరసలో పెద్దాయన చెవి మిషను సర్దుకున్నారు. ముఖం ఎర్రబడింది. ఎంత కోపిష్ఠి అయినా ఆయన్ని అబద్ధాలకోరని ఎవరూ అనలేదు.

"అమ్మా, నాకు ఏ దరఖాస్తూ రాలేదమ్మా. వచ్చుంటే..." అంటూ వెనక్కి తిరిగి, తలుపు వైపు చూశారు. "ఏమయ్యా, నీకు గుర్తుండాలే. వచ్చిందా?"

హాలు మొత్తం తలుపు వైపు తిరిగింది.

చెప్పడానికి తారీఖుగారికి ఇంతకన్న మంచి సందు దొరకదు. ఒక్క మాట సరిపోయేది. నోరు తెరిచారు. ఏళ్ళ తరబడి వాడిన వాక్యమే, గాడిలో పడ్డ చక్రంలా, దానంతటది బయటికొచ్చింది.

"గడువులోపల ఏమీ అందలేదండి."

"చూశావా" అన్నట్టు పెద్దాయన రెండు చేతులూ చాచారు. ఆయన అబద్ధమాడుతున్నారనుకుంది డాక్టరమ్మ. నలుగురిలో పెద్దాయనతో వాదించడం ఇష్టం లేదని ఆవిడ ముఖంలో రాసి ఉంది.

ఆ తర్వాత డైరెక్టరు గది తాళంచెవి అప్పగించడం. పాతవాళ్ళు కొత్తవాళ్ళ చేతిలో పెట్టి చెయ్యి కలపడం అక్కడి ఆనవాయితీ, ఫోటో తీస్తారు. పెద్దాయన తాళంచెవి పట్టుకుని చెయ్యి చాపారు.

"టేబుల్ మీద పెట్టండి సార్" అంది డాక్టరమ్మ.

ఫోటో తీసేవాడు కెమెరా దించాడు. పెద్దాయన చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి, ఎక్కడ పెట్టాలో తెలియనివాడిలా ఆ బల్ల కోసం అటూ ఇటూ చూశారు. బల్ల ఆయన పక్కనే ఉంది. తాళంచెవి అంచు మీదినుంచి జారి కిందపడింది. తారీఖుగారు పరుగున వచ్చి, వంగి, తీసి బల్ల మధ్యలో పెట్టారు. పెద్దాయన ఆయన భుజం మీద చెయ్యేసి, "నాకు మిగిలింది నువ్వొక్కడివేనయ్యా" అని చిన్నగా అన్నారు.

చెంప పగలగొట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఇంటికొచ్చాక ఆయన చెప్పులు విప్పకుండా కుర్చీలో కూలబడ్డారు. భార్య మంచినీళ్ళు తెచ్చింది.

"ఏమండీ, అలా ఉన్నారేం? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు. అదే."

"అదే ఏమిటి?"

చెప్పారు. తాళంచెవి దాకా వచ్చి ఆగారు. ఆవిడ గ్లాసు తీసుకుని అలాగే నిలబడింది. మామూలుగా అయితే ఏదో ఒక వేళాకోళం ఆడి తేలిక చేసే మనిషి. ఆ పూట ఆడలేదు.

"ఉత్తర్వు సంగతి చెప్పిన రోజు నవ్వాం గదండీ మనం" అంది చివరికి. "ఇద్దరం కూర్చుని నవ్వాం."

మర్నాడు పొద్దున్నే, ఎవరూ రాకముందే, తారీఖుగారు నీలం ఫైలు చంకలో పెట్టుకుని డైరెక్టరు గది తలుపు తట్టారు. డాక్టరమ్మ అప్పటికే వచ్చి పుస్తకాలు సర్దుకుంటోంది. ఎవరో గుర్తుపట్టలేదు. నిన్న తలుపు దగ్గర నిలబడ్డ గుమాస్తా అని మాత్రం తెలుసు.

"చెప్పండి. సంతకాలా?"

"కాదండి." ఫైలు తెరిచి ఆ కాగితం పైకి తీసి ఆవిడ ముందు పెట్టారు.

తన చేతిరాత తనకి ఎదురైతే ఎవరైనా ముందు నవ్వుతారు. ఆవిడా నవ్వబోయింది. మూలన ఉన్న రెండో చేతిరాత చూసి ఆగిపోయింది. కాగితం మీదనుంచి చూపు బల్ల అంచు మీదున్న ఆయన చేతి మీదికి వెళ్ళింది. చిటికెన వేలికి సిరా మరక.

"కిటికీలో చెయ్యి మీదేనా?"

"నాదేనండి."

"పాత డైరెక్టరుగారి దాకా వెళ్ళలేదా ఇది?"

"లేదండి. నేనే ఆపాను."

"ఎవరు ఆపమన్నారు?"

"ఎవరూ అనలేదండి. ఇరవయ్యో తారీఖు రూలు నాదే. ఉత్తర్వు లేదు."

"లేదంటే?"

"ఎప్పుడూ లేదండి. నేనే టైపు కొట్టాను."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది.

"ఒక్క రోజు ఆలస్యం ఎందుకైందో తెలుసా? ఇరవయ్యో తారీఖున డ్యూటీలో ఉన్నాను. మీరు వేసిన డ్యూటీయే. కిందికి దిగడానికి వీల్లేకపోయింది." కోపం లేదు గొంతులో, అదే ఆయనకి భరించరానిదైంది. "పదహారేళ్ళు ఆయన్ని తిట్టుకున్నాను. నిన్న నలుగురిలో ఆ పెద్దమనిషి పరువు తీశాను. మీరు పక్కనే ఉన్నారు."

"ఉన్నానండి."

"అడిగితే గడువులోపల అన్నారు."

"అన్నానండి."

"ఈ ఫైల్లో ఇంకెన్ని ఉన్నాయి?"

"నాది తప్పేనండి, మీరు ఏ శిక్ష..."

"శిక్ష సంగతి తర్వాత. ఎన్ని?"

"మీది కాక నలభై ఒకటి."

ఆవిడ ఫైలు తన వైపు లాక్కుని, ఫోను ఆయన వైపు తోసింది. "ముందు ఆయనకి చెయ్యండి. నేను వింటాను. నేను మాట్లాడేది తర్వాత."

పెద్దాయన రెండో రింగుకే ఎత్తారు. ఉద్యోగం దిగిపోయిన మొదటి రోజు ఫోను కోసం ఎదురుచూడనివాళ్ళుండరు. "ఏమయ్యా, అప్పుడే నేను లేకపోతే తోచట్లేదా?" అన్నారు హుషారుగా. తారీఖుగారు డాక్టరమ్మ వైపు చూశారు. ఆవిడ నలభై ఒక్కటిలో మూడోది చదువుతోంది, తలెత్తలేదు. చెప్పారు. ఈసారి వాక్యం మధ్యలో ఎక్కడా గడువు అన్న మాట వాడలేదు.

అవతల చెవి మిషను పాడైందేమో అనుకుని "విన్నారాండీ?" అన్నారు.

"విన్నాను." గొంతు మారిపోయింది. "నా దగ్గరికి తెచ్చుంటే ఇచ్చేవాణ్ణని ఇప్పుడు గొప్పగా చెప్పనులే. ఆ రోజుల్లో నా కోపం నీకు తెలుసు. బహుశా ఇవ్వనని చెప్పేవాణ్ణి. కానీ కాదని చెప్పడం నా పనయ్యా. నీ పని కాదు."

ఫోను పెట్టేశారు. "నువ్వొక్కడివేనయ్యా" అన్న చెయ్యి భుజం మీదనుంచి అప్పుడు దిగినట్టనిపించింది తారీఖుగారికి. అది దిగాక భుజం తేలికవలేదు.

డాక్టరమ్మ లేచి, బల్ల మీద పెట్టి ఉంచిన నిన్నటి తాళంచెవి తీసుకుని సంచిలో వేసుకుంది. "మధ్యాహ్నం వాళ్ళింటికి వెళుతున్నాను. ఇది మళ్ళీ ఆయన చేతుల మీదుగా తీసుకోవాలి. మీరు రానక్కర్లేదు. ఈ నలభై ఒక్కరూ ఇప్పుడెక్కడున్నారో చిరునామాలు తీయండి. ఉత్తరాలు మీరే రాయాలి. బాగా రాస్తారుగా."

ఆ ఆఖరి మాట మెత్తగానే అంది. ఆయన తలెత్తలేకపోయారు.

కిందికి దిగి, స్కేలు అంచుతో అద్దం మీది కాగితం గీకడం మొదలుపెట్టారు. ఇరవై ఏడేళ్ళ జిగురు, ముక్కలు ముక్కలుగా ఊడుతోంది. "ఉత్తర్వుల ప్రకారం" అన్న ముక్క అన్నిటికంటే గట్టిగా అంటుకుంది. దారిన పోతున్న పొడుగు చీఫ్ చూసి ఆగాడు.

"సార్, ఏమిటిది? రూలెత్తేశారా? మేం వెళ్ళిపోయే ఏడాదికి తీశారా!"

ఆయన గీకుతూనే ఉన్నారు. అతను ముఖం చూసి, వేళాకోళం మానేసి, తలొంచుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడే మొదటి ఏడాది రెసిడెంటు ఒకమ్మాయి మెట్లు దిగివచ్చింది. చేతిలో మడిచిన కాగితం. కిటికీ అవతల కాకుండా ఇవతలే, తన పక్కనే ఆయన నిలబడి ఉండడం చూసి ఉలిక్కిపడి, కాగితం వెనక్కి దాచేసింది.

"ఏమ్మా, సెలవు చీటీయా?"

"అబ్బే, ఏం లేదు సార్. ఇవాళ ఇరవై నాలుగు కదా. వచ్చే నెల ఇస్తాను."

"ఫర్వాలేదు, ఇవ్వమ్మా. ఇప్పుడే పైకి తీసుకెళతాను." చెయ్యి చాపారు.

ఆ అమ్మాయి చేతి వైపు చూసింది, సగం గీకిన అద్దం వైపు చూసింది. "థాంక్స్ సార్, నేనే మేడమ్‌కి ఇస్తాను" అని గబగబా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

చాపిన చెయ్యి ఎక్కడ పెట్టాలో తారీఖుగారికి కాసేపు తోచలేదు. తర్వాత స్కేలు అందుకుని మిగిలిన ముక్క గీకడం మొదలుపెట్టారు.